వర్షపాతం: సున్నా

పొద్దున ఆరు గంటలకు
రేవు మెట్ల పక్కన నిలబెట్టిన తెల్ల కొలబద్ద మీద
నీళ్లు ఎంతదాకా ఎక్కినయో చూసి
ఫోన్‌ల చెప్పుడు నా పని.
పదకొండేండ్ల సంది ఇదే.
కృష్ణ నాతోని అంకెల్లోనే మాట్లాడుతది,
నేను గూడ వేరే ముచ్చట పెట్టుకోను.

నిన్న పైనుంచి కబురొచ్చింది.
పడమటి గుట్టల్ల తెరిపి లేకుండ కొడుతున్నదట,
ఆల్మట్టి నిండిందట, నారాయణపురంల గేట్లు లేపిన్రట,
భీమ గూడ ఉరికొస్తున్నదట.
రేపటికి మా కాడికి మూడు లక్షలు.
క్యూసెక్కులు అన్న మాట ఈడ ఎవ్వరూ అనరు,
లక్షలు అంటే చాలు,
బోరు అప్పు లెక్క అందరికీ అర్థమైతది.

మా నెత్తి మీద మాత్రం ఆకాశం
ఉతికి ఆరేసిన ధోవతి.
మృగశిర ఒట్టిదే పాయె, ఆరుద్ర ఒట్టిదే పాయె,
కంది సాళ్లు నోరు తెరుసుకొని కూసున్నయి.

ఈదన్న డప్పును కాచనీకె మంట పెట్టలే,
ఎండకే అది బిర్రుగ బిగిసింది.
"ఏట్లకు ఎవ్వరూ దిగొద్దహో,
గడ్డ మీద గొర్లను ఉంచొద్దహో,
మోటర్లు తీసుకోవాలెనహో"
వరద వస్తున్నదని చాటుతుంటే
వెనుక ఉరికే పిల్లగాండ్లు
అరికాళ్లు కాలి ఎగురుతున్నరు.

మధ్యాహ్నం సంది ఒడ్డంత మోటర్ల జాతర.
పైపులు విప్పుతున్నరు, వైర్లు చుట్టుతున్నరు,
బండికి ఒకటి, ట్రాక్టరుకు నాలుగు.
పోయినేడు తిమ్మప్ప ఒక్క రాత్రి ఆలస్యం జేసి
నలభై వేల మోటరును నదికి ఇచ్చుకున్నడు.
ఇప్పటికీ నీళ్ల దిక్కు చూసినప్పుడల్లా
"నా బాకీ ఎప్పుడిస్తవే" అంటడు.

మాపటికి ఉసేనప్ప పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లేసిండు.
గడ్డ నుంచి ఆఖరి తిరుగుడుల
తొమ్మిది గొర్లు, ఒక బాలింత, ఒక కుట్టు మిషిను వచ్చినయి.
కుర్మయ్య తాత రానన్నడట.
"నేను నీళ్లకు ఎరికే" అన్నడట.
ఇది ఏ గడిల రాయాలెనో నాకు తెల్వలే.
నా కాగితంల గడులు నాలుగే:
తేదీ, టైము, నీటిమట్టం, వర్షపాతం.

రాత్రి చప్పుడు ముందొచ్చింది, నీళ్లు తర్వాత.
లోడు లారీ ఘాటు ఎక్కుతున్నట్టు,
ఎంతకూ ఎక్కుడు అయిపోనట్టు.
మా ఇంటామె లేచి
ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చింది.
"వాన గాదే" అంటే
"చెవులకు ఆ సంగతి తెల్వది" అన్నది.

పొద్దుగాల చూస్తే
నది ఎర్రగ, ఒళ్లు తెల్వకుండ పోతున్నది.
కన్నడ అక్షరాల నూనె డబ్బా ఒకటి,
ఒంటి కాలి మంచం, ఎవరిదో జొన్న చొప్ప,
ముక్కుకు తెల్వని నేల వాసన.
వాన మాకు రాలే,
వాన తడిపిన ఎవరి మన్నో వచ్చింది.

కొలబద్ద కాడ నేను వంగి చూస్తుంటే
మాసమ్మ బిందె పట్టుకొని దిగుతున్నది.
ఆమె నారుమడి పచ్చదనం పోయి గడ్డి రంగుకొచ్చింది,
మోటరు ఇంట్ల బస్తా కప్పుకొని పండుకున్నది.
మూడు లక్షలు ముంగట పారుతున్నయి,
పొలానికి ఎక్కే తొవ్వ ఆమె భుజం ఒక్కటే.
నా మెడల ఈల ఉన్నది.
ఊదాలె.
పెదవుల దాకా తెచ్చుకున్న గూడ.

ఫోన్ మోగింది.
"ఎంత?"
చెప్పిన.
"వాన?"
"సున్నా సార్."
"ఇంకేమన్న ఉన్నదా?"

గడ్డ మీద గుడిసె ఇంకా కనబడుతున్నది, పొగ లేదు.
మాసమ్మ ఆరో బిందెతోని మెట్లెక్కుతున్నది,
ఇందాక ఆమె నిలబడ్డ మెట్టు
ఇప్పుడు లేదు.

"ఏం లేదు సార్" అన్న.